తలుపు దగ్గర ఆగిన సినిమా

విశ్వవిద్యాలయం సినిమా హాలుకి నలభై ఏళ్లు నిండిన వారం అది. హాలు వెనక గోడకి ఆనుకుని ఉన్న టీ కొట్టులో పొద్దున్నించి పాలగిన్నె పొయ్యి దిగలేదు. పెద్ద కొట్టేం కాదు. రేకు కప్పు, రెండు బెంచీలు, మధ్యలో ఒక పొడుగు బల్ల. గోడకి అవతల ఆడేవి మామూలు సినిమాలు కావు, మాటలు తక్కువ, వాన ఎక్కువ ఉండే సినిమాలు. అవి చూసినవాళ్లు తిన్నగా ఇంటికి పోరు. కొట్టుకొచ్చి, గ్లాసు చేత్తో పట్టుకుని, ఆ వాన ఎందుకు కురిసిందో తేలేదాకా వాదించుకుంటారు. అది ఎప్పటికీ తేలదు కాబట్టి కొట్టు ఇన్నేళ్లూ నిలబడింది. మొదట అమ్మ నడిపింది, ఇప్పుడు కూతురు నడుపుతోంది. కూతురికి నలభై ఏడేళ్లు. వయసుతో పనిలేకుండా అందరికీ టీ అక్కే.

ఆ మధ్యాహ్నం నాలుగింటికి అక్క కాక ఇంకా నలుగురున్నారు. బల్ల చివర, ఎప్పుడూ కూర్చునే మూల, ఆపరేటర్ బాబాయి. హాలు తెరిచిన రోజు నుంచి ముప్పై రెండేళ్లు మిషన్ గదిలో సినిమాలు ఆడించి రిటైరైన మనిషి. పనిలో ఆయన చేతికి వంక పెట్టినవాళ్లు లేరు. నోటి సంగతి వేరు. ఆ నోటికి గేటూ లేదు, కాపలా లేదు. ఎదురుగా మాస్టారు, సాహిత్యం చెప్పి చెప్పి రిటైరయ్యారు. ఆయన పక్కన హాలు కార్యదర్శి, చిన్న వయసు లెక్చరరు, ఒళ్లో నోటు పుస్తకం. నాలుగో అతను పోస్టర్లు అంటించే తమ్ముడు. చేతులకి జిగురు ఎండిపోయి ఉంది, బన్ను తినడానికి రెండు వేళ్లే వాడుతున్నాడు.

కార్యదర్శి వచ్చిన పని తొందర పని. సాయంత్రం ఆరింటికి ఉత్సవాల పెద్ద ఆట. హాలు తెరిచిన రోజు ఆడిన సినిమానే మళ్లీ ఆడిస్తున్నారు. ఆ సినిమా ఎక్కడా దొరక్కుండా పోయి, ఈమధ్యే ఎక్కడో దూరదేశంలో ఒక గోదాములో బయటపడితే, శుభ్రం చేసి పంపారు. మధ్యాహ్నమే వచ్చింది, ఇంకా ఎవరూ చూడలేదు. ఆటకి ముందు మిషన్ గది తలుపు మీద ఒక ఇత్తడి పలక బిగిస్తారు. దాని మీద బాబాయి పేరు ఇప్పటికే చెక్కారు. పేరు కింద ఒక వాక్యం కావాలి. చెక్కేవాడు ఐదింటిదాకా ఆగుతానన్నాడు.

"మొదటి రోజు ఏదో విశేషం జరిగిందని అందరూ అంటారు బాబాయిగారూ. అది మీ నోటితో చెబితే అందులోంచి ఒక వాక్యం తీసుకుంటాను" అంది కార్యదర్శి.

బాబాయి టీ ఒక గుక్క తాగి గ్లాసుని పక్కనున్న రేకు డబ్బా మీద పెట్టాడు. గుండ్రంగా, వెడల్పుగా, మూతంతా టీ మరకలతో ఉన్న పాత డబ్బా. ఆయన గ్లాసు పెట్టే చోటు ఎప్పుడూ అదే. చిన్నప్పుడు ఒకసారి అక్క దాన్ని ఎత్తబోతే అమ్మ చేతి మీద కొట్టింది. "దాని జోలికి పోకు, అది బాబాయిది" అంది. అంతకుమించి చెప్పలేదు.

"విశేషం అంటే పెద్ద విశేషమేం లేదు తల్లీ" అన్నాడు బాబాయి, విశేషం లేని మనిషి సర్దుకుని కూర్చున్నట్టు కాకుండా, బాసింపట్టు వేసుకుని మరీ. "బెల్టు తెగింది, అంతే. మధ్యాహ్నం మూడింటి ఆట, హాలు కిటకిట, మూడొందల మంది, మొదటి రీలు సగం అయిందో లేదో మిషన్ బెల్టు టప్పున తెగింది. ఇంకొకడైతే లైట్లు వేసి క్షమించండి అంటాడు. నేను అనలేదు. నా నడుముకున్న బెల్టు ఊడదీసి చక్రాలకి చుట్టాను, ఒక చేత్తో ప్యాంటు పట్టుకున్నాను, రెండో చేత్తో సినిమా నడిపించాను. ఇందులో గొప్పేముంది, ఎవరైనా చేస్తారు."

"కొలత సరిపోయిందా బాబాయ్?" అన్నాడు పోస్టర్ల తమ్ముడు.

"అప్పట్లో నా నడుము సన్నం. నువ్వు చూళ్లేదులే. సరే, ఆ తోలు ఎంతసేపు ఆగుతుంది చెప్పు, రెండో రీల్లో అదీ జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేత్తో తిప్పాను. తిప్పడమంటే పిండి మర తిప్పడం కాదు, సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు పోవాలి, ఒకటి తగ్గితే హీరో కుంటుతాడు, ఒకటి పెరిగితే ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తుతాడు. ఒక్క బొమ్మ తేడా రానిస్తేనా."

"అంత కచ్చితంగా ఎలా లెక్కపెట్టారండీ?" కార్యదర్శి రాసుకుంటూ అడిగింది.

"లెక్కపెడితే చెయ్యి తడబడుతుంది తల్లీ. గుండెనే ఆ కొలతకి తెచ్చుకున్నాను. సెకనుకి ఇరవై నాలుగు. ఇప్పటికీ డాక్టరు నా గుండె మీద గొట్టం పెట్టి, చెవులోంచి పీకేసి, 'మీరు కాస్త బయట కూర్చోండి, నేను మంచినీళ్లు తాగొస్తా' అంటాడు."

మాస్టారు నవ్వలేదు. ఆయన ఈ కథ వందసార్లు విన్నారు. నవ్వాల్సిన చోటు ఇంకా రాలేదన్నట్టు కూర్చున్నారు.

"మూడో రీలుకి కరెంటు పోయింది" అన్నాడు బాబాయి. "వీధి వీధంతా పోయింది. లోపల లైటు లేకపోతే ఇంక నా చెయ్యి ఎంత తిరిగి ఏం లాభం? మిషన్ గదికి పడమటి వైపు ఒక వెంటిలేటరుంది చూశావా, దానికెదురుగా నా గడ్డం గీసుకునే అద్దం నిలబెట్టి, ఎండని పట్టుకుని, వంచి, లెన్సులోకి పంపాను. తెర మీద ఎప్పుడూ లేనంత వెలుగు. కాకపోతే సూర్యుడు ఒకచోట నిలబడే మనిషి కాదు కదా, ఆయన జరిగినప్పుడల్లా అద్దం జరపాలి, అది కాలితో జరిపాను, చెయ్యి తిప్పుతోంది కాబట్టి. నాలుగో రీలు అయ్యేసరికి పొద్దు వాలింది. ఇంకా సినిమా ఉంది."

"పొద్దుని ఆపారా ఏంటి?"

"నేనెవర్ని రా ఆపడానికి? కాసేపు అద్దం కదపకుండా పట్టుకున్నానంతే. అద్దం కదలకపోతే ఆయన మాత్రం ఎక్కడికి పోతాడు? ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చీకటి పడిందని మర్నాడు పేపర్లో వేశారు, కావాలంటే లైబ్రరీలో తీయించి చూసుకో."

"ఆ రోజు పేపర్ చెదలు తినేసింది బాబాయ్" అన్నాడు తమ్ముడు.

"అదే మరి. చెదలకి కూడా ఏది తినాలో తెలుసు."

అక్క గ్లాసులు కడుగుతూ వింటోంది. ఈ కథ ఆమె చేతుల మీదే పెరిగింది. పదేళ్ల కిందట బెల్టు దగ్గర ఆగేది. గుండె ఐదేళ్ల కిందట చేరింది. అద్దం పోయిన ఏడాది వచ్చింది. కొత్త ముక్క చేరినప్పుడల్లా బెంచీ మీద జనం ఇంకో టీ చెప్పేవాళ్లు, కాబట్టి ఆమెకి ఫిర్యాదు లేదు. పైగా ఆ మనిషంటే ఆమెకి ప్రేమ. అమ్మ పోయినప్పుడు పదమూడు రోజులు కొట్టు తెరిచి, తనకి రాని టీ కాచి, అందరిచేతా తాగించినవాడు బాబాయే.

"వాన సీను ఉంది చూడు, అక్కడ ముందు వరుసలో ఇద్దరు గొడుగు తెరిచారు" అంటున్నాడు ఆయన. "వెనకవాళ్లు కనబడ్డం లేదని అరిస్తే ఒక్క గొడుగు మూశారు. ఇంక అసలు సంగతికొస్తా. హీరో సినిమా అంతా నడుస్తూనే ఉంటాడు కదా, నా చెయ్యి నొప్పి పుట్టి నేను కాస్త నెమ్మదించేసరికి వాడూ నెమ్మదించాడు. అలసిపోయాడు పాపం. ఆగి, నేరుగా నావైపు తిరిగి చూశాడు. ఏంటయ్యా ఆపేశావు, నన్ను ఇల్లు చేర్చవా అన్నట్టు."

"ఆ చూపు గురించి నేను పన్నెండు పేజీలు రాశాను" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"రాయకుండా ఉంటారా మరి. చూసింది నన్ను కదా."

మాస్టారు రాసింది పన్నెండు పేజీలే కాదు. ఆ సినిమా ముగింపు మీద మూడొందల పేజీల పుస్తకం రాశారు. హీరో అన్ని వానల్లో తడుస్తూ నడిచి ఒక ఇంటి ముందుకొస్తాడు, తలుపు కొట్టడానికి చెయ్యెత్తుతాడు, అంతే, సినిమా అయిపోతుంది. నాలుగు నిమిషాలు తెర తెల్లగా ఉంటుంది. ఆ తెలుపుకి పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. చెయ్యెత్తినవాడు తలుపెందుకు కొట్టలేదన్నది ఇరవై ఏళ్లు పరీక్షల్లో పది మార్కుల ప్రశ్న.

"ఒక్కటి చెప్తా విను తల్లీ, ఇది రాసుకో" అన్నాడు బాబాయి. "ఆ రోజు మొదటి రీలు నుంచి ఆఖరుదాకా నేను మిషన్ గది గడప దాటలేదు. టీ చుక్క కూడా ముట్టలేదు."

అక్క చేతిలో గ్లాసు నీళ్లలోనే ఆగింది. అమ్మ చెప్పిన మాట వేరు. హాలు తెరిచిన రోజు బాబాయి ఈ బల్ల మీద కూర్చుని రెండు గ్లాసులు తాగాడనీ, మూడోది సగంలో వదిలి పరిగెత్తాడనీ, ఆ మనిషి పరిగెత్తడం తను చూసింది ఆ ఒక్కసారేననీ అమ్మ చెప్పేది. పోనీలే, కథ కోసం టీ మానేశాడనుకుంది. అయినా మనసులో ఎక్కడో గుచ్చుకుంది.

కార్యదర్శి నోటు పుస్తకంలో ఒక కాగితం తీసింది. "ఒక్క చిన్న సందేహం. కొత్తగా వచ్చిన ప్రతితో పాటు పంపిన కాగితంలో సినిమా ఆరు రీళ్లు, రెండు గంటలు అని ఉంది. మన పాత రిజిస్టరులో మీ చేతిరాతతోనే ఐదు రీళ్లు, గంటా నలభై నిమిషాలు అని ఉంది. ఆ ఇరవై నిమిషాలు ఏమయ్యాయి?"

బాబాయి గ్లాసు ఎత్తలేదు. అరచేత్తో మూసి పట్టుకున్నాడు. అది గ్లాసు మీదకన్నా డబ్బా మీద చెయ్యి వేసినట్టుందని అక్కకి ఆ క్షణాన అనిపించింది.

"నలభై ఏళ్లుగా నేను ఎవరికీ చెప్పనిది అదే" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "ఆ రోజు ఆ సినిమా తీసిన దర్శకుడు హాల్లోనే ఉన్నాడు. మారువేషంలో, ఆఖరి వరుసలో. సగం గడ్డం. ఐదో రీలు నడుస్తుంటే మెట్లెక్కి నా గదికొచ్చాడు. 'నేను మూడేళ్లు తీశాను గానీ నా సినిమా ఇంత బాగుంటుందని నాకే తెలీదు' అన్నాడు."

"ఏ భాషలో అన్నాడు బాబాయ్?"

"ఏడుస్తూ అన్నాడు, ఏడుపుకి భాషేంటి రా? ఆరో రీలు నా చేతిలో ఉంది, ఎక్కించబోతున్నా. అప్పుడు నేనన్నాను, సార్, ఇది వద్దు. వాడు చెయ్యెత్తాడు, చాలు. తలుపు తెరిస్తే లోపల ఎవరో ఒకరుంటారు, ఉంటే ఏదో ఒకటి మాట్లాడతారు, మాట్లాడితే మామూలు సినిమా అయిపోతుంది. తెల్లగా వదిలెయ్యండి, నాలుగు నిమిషాలు, జనమే చూసుకుంటారు. ఆయన నన్ను కావలించుకున్నాడు. నా చొక్కా ఇక్కడ, ఈ భుజం దగ్గర, తడిసిపోయింది. ఆరో రీలు నా చేతుల్లోంచి తనే తీసుకుని, ఓడ ఎక్కి, నడిసముద్రంలో పడేశాడు. మాస్టారూ, మీరు పుస్తకం రాసింది నా ముగింపు మీద. ఏమనుకోకండి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈ ముక్క ఆయన ఇదివరకు వినలేదు. నమ్మాలని ఆయనకి ఎంత ఉందో ముఖంలో తెలుస్తోంది.

కార్యదర్శి ఫోను తీసి చెక్కేవాడికి నంబరు కలుపుతోంది. "దర్శకుడికే ముగింపు చెప్పినవాడు. ఇది బాగుంటుంది కదా మాస్టారూ? మీరు వేదిక మీద మాట్లాడేటప్పుడు కూడా ఇదే చెప్పండి. బాబాయిగారు మీ పక్కనే నిలబడతారు."

ఆరు రీళ్లు, అని మనసులో అనుకుంది అక్క. వేసవిలో ఒకసారి తడిగుడ్డతో డబ్బా అంచు తుడిచినప్పుడు పక్కన అంటించిన కాగితం కనిపించింది. ఏవో తెలియని అక్షరాలు, వాటి చివర తెలిసిన ఒకే ఒక్క అంకె. ఆరు. ఏదో లెక్క అనుకుని వదిలేసింది. ఇప్పుడు ఆ అంకె చుట్టూ అన్నీ వచ్చి కూర్చున్నాయి. సగం తాగిన మూడో గ్లాసు, అమ్మ చేతి దెబ్బ, ఏ రోజూ మారని ఆ మూల, ఏ రోజూ డబ్బా దిగని ఆ గ్లాసు.

ఆమెకి ముందు జాలేసింది, తర్వాత భయమేసింది. సాయంత్రం ఈ ఇద్దరు ముసలివాళ్లు మూడొందల మంది ముందు నిలబడి తలుపు ఎందుకు తెరుచుకోదో చెప్తారు. ఆ తర్వాత రెండు గంటల్లోపే అదే తెర మీద తలుపు తెరుచుకుంటుంది. పలక ఇత్తడిది, చెరిపినా పోదు. పరువు ఇక్కడే నలుగురి ముందు పోతే ఆ నలుగురితోనే పోతుంది.

"మేడం, ఫోను ఒక్క నిమిషం ఆపండి" అంది. చేతులు తుడుచుకుని వచ్చి, బాబాయి అరచేతి కింద నుంచి గ్లాసు తీసి ఆయన చేతికిచ్చింది. డబ్బాని రెండు చేతులా ఎత్తి బల్ల మధ్యలో పెట్టింది. దాని కింద బల్ల చెక్క కొత్తగా, తెల్లగా, గుండ్రంగా ఉంది.

"సముద్రంలో పడేసింది ఇదేనా బాబాయ్?"

పోస్టర్ల తమ్ముడు బన్ను నమలడం ఆపాడు. కార్యదర్శి కాగితం మీద అక్షరాలూ డబ్బా మీద అక్షరాలూ మార్చి మార్చి చూసి, ఫోను బల్ల మీద బోర్లించింది. మాస్టారు మూత తీశారు. పుల్లటి ఘాటు వాసన గుప్పున వచ్చింది. పాత ఫిల్ము కుళ్లితే వచ్చే వాసన అది, మిషన్ గదిలో బతికిన ఒక్క మనిషికే బాగా తెలిసింది. ఆయన తల దించుకున్నాడు.

"ఐదో రీలు ఎక్కించాక ఇరవై నిమిషాలు ఖాళీ ఉంది" అన్నాడు బాబాయి. మామూలు గొంతు. ఆయనకి అలాంటి గొంతు ఒకటుందని అక్కకి తెలీదు. "ఆరోది చంకలో పెట్టుకుని ఇక్కడికొచ్చా. ఈ మూలే. 'లోపల మూడొందల మంది ఏమవుతుందా అని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, ముగింపేమో నా చంకలో ఉంది' అని చెప్పా. బెంచీ మీదవాళ్లు నవ్వారు. నవ్వితే నాకింకా చెప్పాలనిపిస్తుంది. చెప్పా. గోడ అవతల చప్పట్లు వినబడేదాకా చెప్పా."

"తర్వాత?"

"పరిగెత్తా. డబ్బా ఇక్కడే వదిలేశా. ఖాళీ చక్రం తిరుగుతోంది, తెర తెల్లగా ఉంది, అందరూ నిలబడి కొడుతున్నారు. చెప్పేద్దామనే అనుకున్నా మాస్టారూ. గదిలోంచి బయటికొస్తే మెట్ల మీద మీరు ఎదురొచ్చారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు. మీ కళ్లలో నీళ్లు. 'ఏం ముగింపు' అన్నారు. నన్ను అంత పెద్దమనిషిలా ఎవరూ అప్పటిదాకా చూడలేదు. ఏం చెప్పను?"

మాస్టారు ఆ మెట్లని గుర్తు తెచ్చుకోబోయారు. "నేనేనా?" అన్నారు చివరికి.

"మీరే."

"మరి సినిమా పెట్టె వెనక్కి పంపాలి కదా? ఆరో డబ్బా లేదని వాళ్లు అడగలేదా?" అంది కార్యదర్శి.

"తీసుకుపోయే మనిషి రైలు టైమైందని గుమ్మంలో నిలబడ్డాడు. ఆరు డబ్బాలు లెక్క చూసుకుని పోతాడు. చేతికందింది ఒకటి పెట్టేశా."

"ఏముంది అందులో?"

"కోళ్ల పెంపకం. వ్యవసాయ కళాశాల వాళ్లది."

"అయ్యో. తర్వాతి ఊళ్లో ఏమైందట?"

"అక్కడా చప్పట్లు కొట్టారట" అన్నాడు బాబాయి. ఇది మాత్రం కోత కాదని నలుగురికీ తెలిసిపోయింది.

ముందు నవ్వింది మాస్టారు. ఏడుపో నవ్వో తెలియనంతసేపు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వే అని తేలింది. కళ్లు తుడుచుకుని డబ్బాలోంచి ఫిల్ము కొస లాగబోయారు. బాబాయి చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అలా కాదు, అంచులు పట్టుకోవాలి" అని తనే తీశాడు. ఆయన వేళ్ల మధ్య ఫిల్ము వణకలేదు. మూరెడు వచ్చి ఆగింది, మిగతాది అట్టకట్టుకుపోయింది. ఆ మూరెడూ వెలుగుకి పట్టుకున్నాడు. చిన్న చిన్న గళ్లలో ఎత్తిన చెయ్యి. ఎత్తిన చెయ్యి. ఎత్తిన చెయ్యి. చివరి గళ్లలో తలుపు బెత్తెడు తెరుచుకుని, సందులో చీకటి.

"లోపల ఎవరున్నారు?" అడిగారు మాస్టారు.

"నాకేం తెలుసు?" అన్నాడు బాబాయి. "నేను చూడలేదు కదా."

నలభై ఏళ్లు ఆ ముగింపు తన చేతి కింద పెట్టుకుని, అందరికీ దాని కథ చెప్పిన మనిషి.

ఫోను మోగింది. చెక్కేవాడు. ఐదయిందట, పేరు కింద ఏదన్నా ఉందా లేదా అని అడుగుతున్నాడు. కార్యదర్శి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి బాబాయి వైపు చూసింది.

"పేరు కూడా తీసెయ్యమను తల్లీ" అన్నాడు ఆయన.

"పేరు ఉంచండి మేడం" అంది అక్క. "కింద 'మొదటి ఆట, ఐదు రీళ్లు ఆడించాడు' అని చెక్కించండి. ఇవాళ ఈ బల్ల మీద దొరికిన నిజం అదొక్కటే."

కార్యదర్శి ఫోనులో ఆ మాటే చెప్పింది, అక్షరం మార్చకుండా. మాస్టారు లేచి బాబాయి భుజం మీద చెయ్యి వేసి, ఆరింటికి తన పక్క సీటులో కూర్చోమన్నారు. ఇద్దరూ తలుపు తెరుచుకునేదాకా కలిసి చూడాలన్నారు. బాబాయి తల ఊపాడు, కానీ లేవలేదు. ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక బల్లంతా వెతుకుతున్నాడు. అక్క దగ్గరికొచ్చి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది.